పగడపు దిబ్బల నీలిచేప: గృహమున దాని పోషణ

మన పట్టణములలో గాజుతొట్టియందు చేపలను పెంచుకొను ఇండ్లు నేడు కొల్లలుగా కలవు. బంగారుచేపలు, గప్పీలు మొదలగునవి మంచినీటి జీవములు. కుళాయినీటిని ఒక దినము నిలువయుంచి పోసినను, పిల్లలు వేళకాని వేళ మేత చల్లినను అవి కొంతకాలము ఓర్చుకొని బ్రదుకును. ఇట్టి తొట్టితో తృప్తిచెందక ఉప్పునీటి తొట్టిని అమర్చుకొనవలెనను కోరిక ఇటీవల పలువురకు కలుగుచున్నది. అంగడికి పోగా అచ్చట ఒక నీలిచేప కంటబడును. ఒడలెల్ల లేతనీలము, ముఖము నలుపు, గొంతుక్రింద తెల్లని పట్టీ, వీపు పొడవునను పసుపుపచ్చని రెక్క. దానిని చూచినవాడు వెల యెంతయని అడుగక మానడు. కొని తెచ్చినవారిలో చాలమంది నెల తిరుగకుండగనే దానిని పోగొట్టుకొందురు. ఏల పోగొట్టుకొందురు, పోగొట్టుకొనకుండుటకు ఏమి చేయవలెను అనునదియే ఈ ప్రసంగమునకు విషయము.

ఈ చేపను ఆంగ్లమున పౌడర్ బ్లూ టాంగ్ అందురు. శాస్త్రజ్ఞులు పెట్టిన పేరు అకాంథూరస్ ల్యూకోస్టెర్నన్. గ్రీకు భాషలో మొదటి మాటకు ముల్లుతోక గలదనియు, రెండవదానికి తెల్లని రొమ్ము గలదనియు అర్థము. ఆంగ్ల ప్రాణిశాస్త్రజ్ఞుడగు ఎడ్వర్డ్ టర్నర్ బెన్నెట్ 1833లో దీనిని వర్ణించి ఈ పేరిడెను. ఇది సర్జన్ చేపల వంశములోనిది. తోక మొదట ఇరుప్రక్కల ఒక్కొక్క పదునైన ముల్లు గాడిలో మడిచిన చాకువలె అణగియుండును. బెదరినప్పుడును, పోరాడునప్పుడును అది పైకి లేచును. శస్త్రవైద్యుని కత్తిని పోలియుండుటచే వంశమునకే ఆ పేరు కలిగినది. వలతో పట్టినచో ఆ ముల్లు దారములలో చిక్కుకొని చేప గాయపడును. చేతితో పట్టినచో మన చేయి తెగును. కావున దీనిని ఒక తొట్టినుండి మఱియొక తొట్టికి మార్చవలసినప్పుడెల్ల వెడల్పైన ప్లాస్టిక్ గిన్నెతో నీటితోసహా ముంచి తీయుట మేలు.

ఆఫ్రికా తూర్పుతీరము మొదలుకొని మాల్దీవులు, లక్షదీవులు, సింహళము, అండమాను సముద్రము వఱకు ఈ జాతి వ్యాపించియున్నది. మన ఆంధ్రతీరమునకు పొడవైన సముద్రమున్నను పగడపు దిబ్బలు లేవు. గోదావరి, కృష్ణ మొదలగు నదులు వర్షకాలమున తెచ్చిపోయు మంచినీరును, ఒండ్రును పగడపు పురుగులకు గిట్టవు. వానికి ఉప్పదనము మాఱనట్టియు, అడుగు కనబడునంత తేటయైనట్టియు నీరు కావలెను. కావుననే భారతదేశమున పగడపు దిబ్బలు కచ్ఛ సింధుశాఖ, మన్నారు సింధుశాఖ, లక్షదీవులు, అండమాను నికోబారు దీవులు అనుచోట్ల ప్రధానముగా కలవు. నీలిచేప మసలుచోటు ఆ దిబ్బలలోను పైభాగము. అచ్చట అలలు విరిగిపడుచుండును. నీటిలో గాలి నిండియుండును. ప్రొద్దుపొడిచినది మొదలు ప్రొద్దుక్రుంకువఱకు ఈ చేప రాతిపైనున్న సన్నని నాచును కొఱుకుచు, ఒకచోట నిలువక, గజముల కొలది ఈదుచుండును. తన మేతనేలపైకి తనవంటి చేప వచ్చినచో తరిమికొట్టును. కొన్ని తావులలో మాత్రము వందలుగా గుంపుగూడి, కాపున్న ఇతర చేపలను లెక్కసేయక నాచుపై పడి మేయును.

ఈ వంశపు చేపల ఆయువును గూర్చి ఒకమాట చెప్పవలెను. చేప చెవిలో సున్నపుమయమైన చిన్నరాయి యుండును. చెట్టుమానులో వలయములు ఏర్పడునట్లే ఆ రాతిలోను ఏటేట పొరలు ఏర్పడును. వానిని సూక్ష్మదర్శినితో లెక్కించిన శాస్త్రజ్ఞులు సర్జన్ చేపలలో కొన్ని జాతులు 30 ఏండ్లకుపైగా జీవించునని కనుగొనిరి. ఇంటిలోని పిల్లవాడు పెద్దవాడై ఉద్యోగమునకు పోవునంతకాలము బ్రదుకదగిన వంశపు ప్రాణి మూడువారములలో చచ్చుచున్నదన్నమాట. పైగా ఇది తొట్టిలో పుట్టిన చేపకాదు. ఈ వంశములో పసుపుపచ్చని టాంగ్‌ను 2015లో హవాయిలోను, నీలి హెపటస్ టాంగ్‌ను 2016లో ఫ్లోరిడాలోను మానవులు తొట్టెలలో గ్రుడ్డునుండి పెంచగలిగిరి. పౌడర్ బ్లూ మాత్రము అంగళ్ళకు చాలవఱకు సముద్రమునుండియే పట్టబడి, మాల్దీవులనుండియు సింహళమునుండియు సంచులలో ఎగుమతియై వచ్చుచున్నది. మనము చంపిన ప్రతిచేపకు మాఱుగా దిబ్బమీదినుండి మఱియొక చేపను తీయవలసివచ్చును.

ఇక తొట్టి సంగతి. సముద్రతీరమున నివసించువారికి మొదట తోచునది బిందెలతో సముద్రజలము తెచ్చి పోయుదమని. విశాఖపట్టణము, కాకినాడ, మచిలీపట్టణము వంటి తావులలో ఒడ్డున దొరకు నీటిలో ఒండ్రుండును, ఓడల నూనె యుండును, ఊరి మురుగుండును. వానలు పడి నదులు పొంగినప్పుడు దాని ఉప్పదనము తగ్గిపోవును. వంటయుప్పు కరగించుట అంతకన్న తప్పు. సముద్రలవణములలో సోడియం క్లోరైడు నాలుగింట మూడుపాళ్ళకు కొంచెము పైగా మాత్రమే కలదు; తక్కిన భాగము మెగ్నీషియము, సున్నము, గంధకికామ్లపు లవణములు మొదలైనవి. అవి లేని నీరు చేపకు సముద్రము కాజాలదు. కావున ఈ పనికై ప్రత్యేకముగా తయారైన కృత్రిమ సముద్రలవణమును వడగట్టిన శుద్ధజలములో లీటరునకు సుమారు 35 గ్రాములనుండి 38 గ్రాముల వఱకు కలిపి, పంపుతో ఒక దినము కలియబెట్టి వాడవలెను. నీటి సాంద్రత 1.025 వద్ద ఉండునట్లు హైడ్రామీటరుతోగాని వక్రీభవనమాపకముతోగాని చూచుకొనవలెను. పురపాలకసంఘపు నీటిలో కలిపిన క్లోరిను మిగులరాదు.

తొట్టి ఆఱడుగుల పొడవునకు తక్కువ కాకూడదనియు, నీరు 500 లీటర్లకు తగ్గరాదనియు నా అభిప్రాయము. నాలుగడుగుల తొట్టిలో చిన్నపిల్లను ఉంచి, పెరిగినపుడు మార్చుదమనువారు కలరు. వారిలో నిజముగా మార్చినవారు అరుదు. ఈ చేప ఒక జానెడు పొడవునకు పెరుగును, అంతకుమించియు పెరుగును. దినమంతయు ఈదవలెనను స్వభావము మాత్రము బొటనవ్రేలంత యున్ననాడే దానికి కలదు. 500 లీటర్ల నీరే 500 కిలోగ్రాముల బరువు. గాజు, రాళ్ళు, బల్ల కలిసినచో ఏడువందలకు చేరువగును. మేడమీది గదిలో, అందును నట్టనడుమ, ఇట్టి తొట్టిని నిలుపునప్పుడు ఇంటి కట్టడము తెలిసిన మేస్త్రీనో ఇంజనీరునో అడుగక చేయరాదు. గోడవారగా దూలము మీదికి వచ్చునట్లు ఉంచుట మంచిది.

మన దేశమున ఈ చేపకు పెద్దశత్రువు వేసవి. నీరు వేడెక్కినకొలది దానిలో కరగియుండు ప్రాణవాయువు తగ్గును; ఉప్పునీటిలో మొదటినుండియు అది తక్కువ. 26 డిగ్రీల సెంటిగ్రేడు వద్ద మంచినీరు లీటరునకు 8 మిల్లీగ్రాములు పట్టుకొనగా, సముద్రజలము 6.7 మిల్లీగ్రాములకు మించి పట్టుకొనదు. అలలు విరుగుచోట పుట్టిపెరిగిన చేపకు ఆ కొద్దిపాటి తగ్గుదలయే ప్రాణాంతకము. బెజవాడలోనో రెంటచింతలలోనో మేనెలలో గది 40 డిగ్రీలున్నప్పుడు తొట్టి నీటిని 25, 26 డిగ్రీలవద్ద నిలుపవలెనన్న శీతలయంత్రము తప్పదు. పంకా గాలి నీటిమీదికి తగులునట్లు పెట్టినచో ఆవిరిపోవుటచే కొంత చల్లబడును గాని, ఉక్కపోయు తీరప్రాంతములలో దానివలన ప్రయోజనము స్వల్పము. ఆవిరియై పోవునది నీరేకాని ఉప్పు కాదు. కావున తగ్గిన నీటికి బదులు ఉప్పులేని శుద్ధజలమునే దినదినము పోయవలెను. ఉప్పునీరు పోసినచో రెండువారములలో తొట్టి ఉప్పుకయ్యగును. తొట్టిలోని నీరు గంటకు ఇరువదిమార్లయినను కలియతిరుగునట్లు పంపులుండవలెను. విద్యుచ్ఛక్తి ఆగిపోయినప్పుడు తమంతట పనిచేయు బ్యాటరీ గాలిపంపులు రెండైన ఇంటనుండవలెను. దీపములకై పెట్టుకొన్న ఇన్వర్టరుకు ఒక చిన్నపంపును కలిపినను సరిపోవును. ఈ యేర్పాటు లేని ఇంట ఈ చేపను కొనవద్దని గట్టిగా చెప్పుదును.

ఉప్పునీటి తొట్టి క్రొత్తది కాదు. ఫిలిప్ హెన్రీ గాస్ అను ఆంగ్లేయుడు 1854లోనే దీనిని గూర్చి గ్రంథము వ్రాసి, ఆ దేశపు మధ్యతరగతి ఇండ్లలో పెద్దవేడుక పుట్టించెను. పగడములను జీవముతో నిలుపుట మాత్రము చాలకాలము అసాధ్యముగనే యుండెను. జకార్తా నగరవాసి లీ చిన్ ఎంగ్, సముద్రపు రాళ్ళను వానిమీది సూక్ష్మజీవులతోసహా తొట్టిలో పెట్టి, గాలిబుడగలు తప్ప వేఱుయంత్రము లేకుండ పగడములను పెంచిన విధానమును 1961లో ప్రకటించెను. తరువాత బెర్లిను నగరపు అభిరుచిపరులు ఆ రాళ్ళకు నురుగుయంత్రమును జోడించిరి. బెల్లపుపాకము మరుగునప్పుడు తేలిన తెట్టును గరిటెతో తీసివేయుదుము గదా! ఈ యంత్రము చేయునదియు అంతియే. సన్నని గాలిబుడగలను నీటిలోనికి పంపగా, చేపల మలమూత్రములనుండి పుట్టిన మాలిన్యము బుడగలకంటుకొని నురుగై పైపాత్రలో పడును. నీటికి గాలియును పట్టును. నీలిచేప యున్న తొట్టికి ఇది అలంకారము కాదు, అవసరము.

తొట్టి అమర్చినవెంటనే చేపను వేయరాదు. చేప విసర్జించు అమ్మోనియా విషము. రాళ్ళమీదను ఇసుకలోను నెలకొను సూక్ష్మజీవులు దానిని నైట్రైటుగాను, పిదప నైట్రేటుగాను మార్చును. అవి తగినంతగా వృద్ధిపొందుటకు నాలుగునుండి ఆఱువారములు పట్టును. నీటిని పరీక్షించు రంగుసీసాలు అంగళ్ళలో దొరకును. అమ్మోనియా, నైట్రైటు రెండును సున్న చూపువఱకు ఆగవలెను. నీలిచేప విషయములో నేనింకను ఆగుమందును. రాళ్ళపై నాచు సహజముగా పట్టి, తొట్టి ఆఱునెలలు నడచిన పిమ్మట దానిని తెచ్చిన, వచ్చిన నాటినుండియే దానికి కొఱుకుటకు ఏదో ఒకటి యుండును.

ఇచ్చట మన దేశపు చట్టమును గుర్తుచేయవలసియున్నది. పరదేశములలో ఈ చేపను సజీవమైన పగడములమధ్య పెంచుదురు. అది పగడములను కొఱుకదు. వానిపై నాచు క్రమ్మకుండ మేసి మేలుచేయును. భారతదేశమున 1972నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టముక్రింద దిబ్బలను కట్టు పగడములకును, సముద్రపు విసనకర్రలకును 2001నుండి పులికిచ్చినంతటి రక్షణ కలదు. వానిని సముద్రమునుండి తీయుట, అమ్ముట, ఇంటనుంచుకొనుట నేరము. చచ్చిన పగడపురాయి యైనను మినహాయింపు లేదు. పరదేశమునుండి తెచ్చితిమని అంగడివాడు చెప్పినను, అటవీశాఖవారిని విచారింపక నమ్మరాదు. సిమెంటుతోను పింగాణితోను చేసిన రాళ్ళు నేడు దొరకుచున్నవి. ఒకయేడు గడచి, గులాబిరంగు నాచు వానిని కప్పినపిమ్మట చూచువారికి భేదము తెలియదు. చేపకు ఆ భేదముతో పనియే లేదు.

ఆహారమునకు వత్తము. ఇది శాకాహారి. దీని ప్రేగు మిక్కిలి పొడవైనది; అందులో నాచును జీర్ణముచేయుటకు తోడ్పడు సూక్ష్మజీవులు కాపురముండును. ఈ వంశమునకే చెందిన ఎఱ్ఱసముద్రపు చేప యొకదాని ప్రేగులలో 1985లో ఒక వింతజీవి కనబడినది. కంటికి ఆనునంత, అనగా మిల్లీమీటరులో సగమునకుపైగా పొడవుండుటచే అది బాక్టీరియా యని మొదట ఎవరును తలపలేదు. 1993లో గాని అది నిశ్చయము కాలేదు. ఇట్టి పరివారమును కడుపులో నుంచుకొన్న ప్రాణి, పట్టుబడి, సంచిలో కట్టబడి, వారముదినములు పస్తుండి అంగడికి చేరును. ఆ పస్తుతో పరివారమును క్షీణించును. అందుచేత ఇంటికి వచ్చిన మొదటివారమున దానిచేత తినిపించుట వైద్యమంతటి పని.

జపానువారు ఎండబెట్టి పలకలుగా చేయు నోరి యను సముద్రపు నాచు దీనికి ప్రశస్తము. నూనె, ఉప్పు, మసాల లేనిదై యుండవలెను. అఱచేతిలో సగమంత ముక్కను బట్టలక్లిప్పు వంటిదానితో గాజునకు తగిలించినచో వచ్చి కొఱుకును. మొదటినాడు తాకనిచో ఆ ముక్కను చిన్నరాతికి రబ్బరుపట్టీతో చుట్టి అడుగున పెట్టిన, అలవాటుచొప్పున రాతిని గోకుచు రుచి కనుగొనును. దినమునకు మూడుమార్లు ఇట్లు పెట్టి, వారమునకు రెండుమూడుమార్లు గడ్డకట్టిన చిన్నరొయ్యలను, స్పిరులినా కలిపిన మేతను ఇయ్యవచ్చును. పాలకూర ఉడికించి పెట్టువారు కలరు. నేలమీద మొలచిన ఆకు సముద్రపు చేపకు కడుపు నింపునే కాని బలము నీయదు. మేత చాలనప్పుడు ఈ చేపలకు తలపైనను ప్రక్కగీత వెంబడిని చర్మము గుంటలుపడి రంగు పోవును. ఇది ఆహారలోపము వలననే యని చిరకాలము అనుకొనిరి. నీటిని శుద్ధిచేయుటకు వాడు బొగ్గుపొడియు ఇందుకు కారణము కాగలదని, అట్లాంటిక్ సర్జన్ చేపలపై జరిపి 2011లో ప్రకటించిన ప్రయోగము చూపినది. కావున బొగ్గు వాడవలసినచో బాగుగా కడిగి, కొద్దికాలము మాత్రము వాడుట ఉచితము.

ఇంతవఱకు చెప్పినదంతయు పాటించినవారి చేపలును చచ్చుచున్నవి. దానికి కారణము ఒక రోగము. చేప ఒంటిమీద ఉప్పు చల్లినట్లు తెల్లని చుక్కలు కనబడును, రాళ్ళకు ఒరసికొనును, ఊపిరి వడివడిగా తీయును, మేత మానును, మూడవనాడో నాల్గవనాడో చచ్చును. సర్జన్ చేపలకు ఇది తక్కిన చేపలకన్న త్వరగా సోకును. వానిలోను నీలిచేపకు మఱింత త్వరగా సోకును. రోగకారి ఒక ఏకకణజీవి. 1951లో బ్రౌన్ అను శాస్త్రజ్ఞుడు దానికి క్రిప్టోకేరియన్ ఇరిటాన్స్ అని పేరు పెట్టెను.

దీని జీవితచక్రము తెలిసినవానికి చికిత్స తెలిసినట్లే. చర్మములోను మొప్పలలోను దూరి అది మూడునుండి ఏడుదినములు చేపను తినును. తెల్లనిచుక్క అదియే. బలిసిన పిమ్మట చేపను విడిచి, ఇసుకమీదనో రాతిమీదనో పడి, తనచుట్టు గట్టికోశము కట్టుకొనును. కోశములో ఒకటి రెండై, రెండు నాలుగై పెక్కురెట్లగును. సాధారణముగా మూడుదినములనుండి నాలుగువారములలోపల కోశము పగిలి ఈదుపిల్లలు వెలువడును. అవి ఒకటిరెండు దినములలో చేపను చేరలేనిచో చచ్చును. మహాసముద్రములో వానిలో చేపను చేరునవి యెన్ని? తొట్టిలో చేరనివి యెన్ని?

చుక్కలు మాయమైనవని గృహస్థుడు సంతోషించుటలోని ప్రమాదము ఇప్పుడు తెలియును. చుక్కలు మాయమగుట రోగము పోవుట కాదు. పురుగు కోశములోనికి పోయినది. వారము తరువాత పదిరెట్లుగా వచ్చును. అంగడివాడు ఈ నడిమి వ్యవధిలో ఇచ్చిన మందేదైనను పనిచేసినట్లే తోచును. వెల్లుల్లిరసములో ముంచిన మేతకు వచ్చిన పేరు ఇట్టిదే. శుభ్రపరచు చేప యనబడు లాబ్రాయిడీస్‌ను తెచ్చివేసిన చాలుననియు కొందరందురు. అది చర్మముపై ప్రాకు పెద్దపురుగులను ఏరి తినును. చర్మములోపల దూరియున్న ఈ సూక్ష్మజీవిని తీయలేదు.

మందులలో పరీక్షకు నిలిచినది రాగి. నీటిలో రాగిని తగుపాళ్ళలో నిలిపినచో ఈదుపిల్లలు చచ్చును. చర్మములోనున్నదానిని, కోశములోనున్నదానిని అది తాకలేదు. కావున నెలదినములు నిలుపవలెను. మైలుతుత్తము రూపమున ఇచ్చినచో లీటరునకు 0.15 నుండి 0.20 మిల్లీగ్రాముల రాగి చాలును. తగ్గిన పనిచేయదు, హెచ్చిన చేపకే విషమగును. సర్జన్ చేపలు దీనిని కష్టముతో సహించును గావున నాలుగైదు దినములలో క్రమక్రమముగా పెంచి, ప్రతిదినము పరీక్షింపవలెను. రాగి నత్తలను, రొయ్యలను, పగడములను చంపును. సున్నపురాయి దానిని పీల్చివేయును. అందుచేత పెద్దతొట్టిలో రాగి వేయు ప్రసక్తియే లేదు. వేఱుగ, రాళ్ళును ఇసుకయును లేని నిలువతొట్టి కావలెను.

రాగికన్న నాకు ఇష్టమైనది తొట్టిమార్పు పద్ధతి. దీనికి మందు వలదు. రెండుచిన్న తొట్టెలు, ఉప్పు, ఓపిక చాలును. కోశము మూడుదినములలోపల పగులదనియు, చర్మములోని పురుగు ఏడుదినములకుమించి అందుండదనియు పైన చెప్పితిని. చేపను మొదటి తొట్టిలో నుంచి, నాల్గవనాటి ఉదయమున, కోశములు పగులకముందే, సిద్ధముగానున్న రెండవతొట్టికి మార్చవలెను. రాలిన పురుగులన్నియు వెనుకనే నిలిచిపోవును. మొదటితొట్టిలోని నీటిని పారబోసి, తొట్టిని, పంపును, గొట్టములను కడిగి ఎండలో పూర్తిగా ఆరబెట్టవలెను. మరల ఏడవనాడు, పదవనాడు, పదుమూడవనాడు ఇట్లే మార్చవలెను. నాలుగుమార్పులతో చేప ఈ రోగమునుండి విముక్తమగును. మన దేశపు ఎండ ఇచ్చట మనకు సాయము. వెల్వెట్ అను వేఱొక రోగము కలదు. బంగారుపొడి చల్లినట్లుండి రెండుదినములలో చంపును. దానికి ఈ పద్ధతి చాలదు, రాగియే గతి. కావున మార్పులు ముగిసిన పిమ్మటను చేపను నిలువతొట్టిలో మఱి రెండువారములుంచి కనిపెట్టవలెను.

పెద్దతొట్టిలోనే రోగము వచ్చియున్నచో అందలి చేపలన్నిటిని తీసి చికిత్స చేయుచు, తొట్టిని చేప లేకుండ ఖాళీగా ఉంచవలెను. కోశములు కొన్ని 72 దినముల వఱకును పగులకుండ నిలిచినట్లు ప్రయోగశాలలో కనుగొనిరి. కావున అనుభవజ్ఞులు 76 దినములు ఆగుదురు. రెండున్నర నెలలు చేపలేని తొట్టిని చూచుచు కూర్చుండుట కష్టమే. నడుమ ఒక చిన్నచేపను వేసినచో లెక్క మొదటికి వచ్చును.

అంగడిలో చేపను ఎంచుకొనుట చివరికి మిగిలినది. ప్రక్కనుండి గాక ఎదుటినుండి చూడవలెను. వీపు సన్నగిలి, కడుపు లోనికి పీల్చుకొనిపోయినది పనికిరాదు. నీలము మాసి బూడిదవన్నె చెందినది, మూలనక్కి వడిగా మొప్పలాడించునది విడిచిపెట్టవలెను. మిక్కిలి చిన్నది ఆకలికి తాళలేదు. మిక్కిలి పెద్దది తొట్టికి అలవడదు. నాలుగైదంగుళముల చేప మంచిది. అంగడివానిని మీయెదుట నాచు పెట్టి తినిపింపుమనుడు. తినినను ఆనాడే తేక, బయానా యిచ్చి వారమాగి తిరిగిపొండు. ఆ వారములో చచ్చునది అంగడిలోనే చచ్చునని కఠినముగా చెప్పినట్లుండును గాని, బ్రదికియున్నది మీయింట బ్రదుకు అవకాశము హెచ్చు.

పెద్దతొట్టిలో దీనిని అన్నిచేపలకన్న కడపట విడువవలెను. ముందే వచ్చినచో తొట్టియంతయు తన సొత్తనుకొని తరువాత వచ్చినవానిని తోకకత్తితో చీల్చును. ఒకతొట్టిలో ఈ జాతిచేప ఒకటియే యుండవలెను. ఇదే ఆకారముగల ఇతర టాంగులును కూడదు. విదూషకచేపలు, గోబీలు వంటి చిన్నవానిని ఇది పట్టించుకొనదు. విడుచు సాయంకాలము దీపములార్పి, గిన్నెను నెమ్మదిగా వంచి, చేపను దానంతట పోనిండు. తొట్టిలోని పాతకాపు దానిని తరుముచున్నచో గాజునకు వెలుపల ఒక అద్దమును నిలబెట్టిన, తన ప్రతిబింబముతో పోరాడుచు క్రొత్తదానిని మరచును. రెండుమూడు దినముల పిమ్మట అద్దమును తీసివేయవచ్చును. రాత్రి చేప రాళ్ళసందున దూరి, వన్నె తగ్గి, మచ్చలతో నిదురించును. అది రోగము కాదు. తెల్లవారి దీపము వెలిగించుటకు ముందే నోరి ముక్కను తగిలించియుంచుడు.